ముగ్గురు సభ్యుల కమిటీ, నాలుగో తరగతి శైలజ

కరోనా తర్వాత బడులు మళ్లీ జూన్ నుంచి సరిగ్గా మొదలైన మొదటి ఏడాది నన్ను ఒక కమిటీలో సభ్యురాలిగా వేశారు. అప్పటికి నేను డైట్‌లో సీనియర్ లెక్చరర్‌ని. ప్రభుత్వ బడుల పంతుళ్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థను మా శాఖలో డైట్ అంటాం. నా సబ్జెక్టు భాషా బోధన. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదే ఉంది. ఉత్తర్వు అరపేజీ. కర్నూలు జిల్లా పడమటి వైపు కొన్ని మండలాల్లో, మూడు నుంచి ఐదో తరగతి దాకా చదవడంలో బాగా వెనకబడిన పిల్లల కోసం ఒక పఠన కార్యక్రమాన్ని ఎంచి సిఫారసు చేయాలి. డిస్లెక్సియా ఉన్న పిల్లలకు పనికొచ్చేదిగా, ఫోనిక్స్ పద్ధతిలో ఉండాలి అని ఉత్తర్వులోనే రాశారు. ఆ మాటలు ఎవరు రాశారో గానీ సరిగ్గానే రాశారు. తర్వాత వాటిని చదివినవాళ్లే తక్కువ.

ఊరి పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయడం లేదు. అప్పటివాళ్లలో కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు. అది నేత ఊరు, వీధికి పది మగ్గాలైనా ఆడుతుంటాయి, అంతవరకు చెప్తే చాలు. కమిటీలో ముగ్గురం. చైర్మన్‌గా ఒక అధికారి. రెండో సభ్యుడు ఆ ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టర్ ఖాదర్ బాషా. మూడోదాన్ని నేను.

డిస్లెక్సియా గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ పిల్లలకు తెలివి తక్కువేం కాదు. చూపు బాగుంటుంది, వినికిడి బాగుంటుంది. మాటకు మాట చెప్తారు. కానీ కాగితం మీది అక్షరానికీ నోటితో పలికే శబ్దానికీ పడాల్సిన ముడి వాళ్లకు తొందరగా పడదు. ఫోనిక్స్ అంటే ఆ ముడిని ఒక్కొక్కటిగా, వరసగా, మళ్లీ మళ్లీ వేయించడం. తెలుగు పలికినట్టే రాస్తాం గదా, మనకెందుకు ఈ ఫోనిక్స్ అని చాలామంది పంతుళ్లు నన్ను అడిగేవారు. మన బడుల్లో గుణింతం ఎట్లా నేర్పుతామో గుర్తు చేసుకోమనేదాన్ని. తరగతంతా ఒకే రాగంలో క కా కి కీ అని పాడుతుంది. చూపుడు కట్టె నల్లబల్ల మీద ఒకచోట ఉంటుంది, పిల్ల చూపు ఇంకోచోట ఉంటుంది. పాట వస్తుంది, అక్షరం రాదు. మామూలు పిల్లలు ఎట్లాగో దారి వెతుక్కుంటారు. డిస్లెక్సియా ఉన్న పిల్ల అక్కడే ఆగిపోతుంది.

జూలైలో ఒక సంస్థ తన కిట్‌ను చూపించడానికి వచ్చింది. ఖాదర్ బాషా బడిలోనే ఏర్పాటు. చుట్టుపక్కల బడుల పంతుళ్లు ఒక నలభై మంది వచ్చారు. పెద్ద రంగుల పెట్టెలు, టాబ్లెట్లు, బొమ్మల కార్డులు. అన్నీ ఉచితమే, విరాళం. సంస్థ ప్రతినిధి మంచి మాటకారి. ముందు గంటసేపు ఇంగ్లీషు శబ్దాలు చూపించాడు, పిల్లి బొమ్మ ఎగిరి గంతులేసింది. తెలుగు భాగం ఏదని అడిగాను. బొమ్మ పక్కన మొత్తం మాట రాసిన కార్డులు తీశాడు. ఆవు బొమ్మ, కింద ఆవు. పిల్ల బొమ్మను చూసి ఆవు అంటుంది. దాన్ని చదవడం అనరు. ఉత్తర్వులో అడిగిన ఫోనిక్స్ ఆ పెట్టెలో తెలుగుకు లేనే లేదు.

తర్వాత ఒక పిల్లను పిలిచారు. పేరు శైలజ, నాలుగో తరగతి. రెండు జడలు, తెల్ల రిబ్బన్లు. పది రోజులుగా ఈ కిట్‌తో నేర్పామని, అంతకుముందు ఒక్క మాట కూడా చదవలేని పిల్ల అని చెప్పారు. ఆమె పుస్తకం పట్టుకుని, "అవ్వ సంతకు పోయింది. అవ్వ సొరకాయ కొనింది," అంటూ ఒక పేజీ గడగడా చదివేసింది. చప్పట్లు. ఫోటోగ్రాఫర్ ఫోటో తీశాడు. చైర్మన్ గారు లేచి ఆ పిల్ల తలమీద చెయ్యేసి ఇంకో ఫోటో తీయించుకున్నారు.

నేను ఆ పిల్ల కళ్లు చూస్తూ ఉన్నాను. చదివేవాళ్ల కళ్లు పంక్తి వెంట నడుస్తాయి. ఈమెవి పేజీ మధ్యలో ఒక్కచోటే నిలిచిపోయాయి. నాలుగో పంక్తి ఒక్కటి చదవమ్మా అని అడిగాను. మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టింది. బట్టీ పట్టిన పిల్ల మధ్యలో ఎక్కడా మొదలుపెట్టలేదు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నా సంచిలో ఎప్పుడూ కొన్ని కార్డులుంటాయి, అర్థం లేని మాటలవి. గిము, రేబు, టాలొ. పిల్ల అక్షరాలను నిజంగా చదువుతోందా, ఊహిస్తోందా అని తేల్చడానికి అవే గట్టి పరీక్ష. వాటిని ఎవరూ బట్టీ పట్టించలేరు. ఒక కార్డు ఆమె ముందు పెట్టాను. శైలజ దానివైపు చూసి, గొంతు తగ్గించి, "అవ్వ సంతకు పోయింది," అంది.

గది గొల్లున నవ్వింది.

ఆ పిల్ల ఏడవలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, పోయి గోడ పక్కన నిలబడింది. కిట్ డొల్లతనం రుజువు చేశానన్న తృప్తి నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. సంస్థ ప్రతినిధి చక్కగా నవ్వుతున్నాడు. చైర్మన్ టీ చెప్పమంటున్నారు. నలభై మంది మధ్య అవమానం పడింది మాత్రం తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే. పడేలా చేసింది నేను. ముప్పై ఏళ్లు పంతుళ్లకు పాఠాలు చెప్పిన దాన్ని, ఆ పరీక్ష వేరే గదిలో చేయాలన్న ఇంగితం లేకపోయింది.

వారం తర్వాత ఖాదర్ బాషా ఫోన్ చేశారు. ఆ రోజు నుంచి శైలజ బడికి రావడం లేదట.

నేను వాళ్లింటికి పోయాను. ముందు గదంతా మగ్గమే. తల్లి ఉరుకుందమ్మ గుంటలో కాళ్లు పెట్టి నేస్తోంది. శైలజ మూలన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను చూడగానే లేచి లోపలికి పోయింది. పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడెను తల్లి ఆపలేదు. నేను ఎవరో చెప్పుకున్నాను.

"తెలుసులేమ్మా," అంది. "నలుగుర్లో నిలబెట్టి నా బిడ్డను దొంగను జేసిన మేడమ్ నువ్వేనంట గదా."

తప్పు నాదే అన్నాను. అప్పుడు నాడె ఆగింది.

"పది దినాలు ఇంటికాడ అదే పాట. అవ్వ సంతకు పోయింది, అవ్వ సంతకు పోయింది. నేనూ నేర్చుకున్యా వినీ వినీ. ఎవురో సార్లు వస్తాండారంట, బాగా సదివితే పేపర్లో ఫోటో వస్తాదంట. బిడ్డ నిద్రలో గూడా అదే అంటా ఉండె. మీకు మీకు ఏముండాదో నాకు తెల్దు. మజ్జలో నా బిడ్డనేంటికి నలిపేది?"

ఇకమీదట బడికి పంపుతావా అని అడిగాను.

"ఏంటికి పంపేది? మొద్దు అంటారు, ఎనక బెంచీలో ఏస్తారు. ఈడుంటే కండెలన్నా సుడతాది. అది మొద్దయితే నూలు రంగులు తప్పు పెట్టల్ల గదా? ఒక్కనాడు తప్పు పెట్టలే."

శైలజతో కాసేపు మాట్లాడనిమ్మని అడిగాను. తల్లి ఒప్పుకుంది గానీ తానూ పక్కనే కూర్చుంది. పుస్తకం తీయలేదు. నోటితోనే అడిగాను. కమల అనే మాటలో ముందున్న శబ్దం తీసేస్తే ఏం మిగులుతుంది? చాలాసేపు ఆలోచించి "పువ్వు" అంది. మర, మల, ఈ రెండూ ఒకటేనా? ఒకటే అంది. తర్వాత నేల మీద సుద్దముక్కతో కొన్ని అక్షరాలు రాశాను. మ ను య అంది, ప ను వ అంది, మళ్లీ అడిగితే తిరగేసి చెప్పింది. అదే పిల్ల వాళ్ల అమ్మ చెప్పిన కథ మొదట్నుంచి చివరిదాకా ఒక్క పేరు తప్పకుండా చెప్పింది. నోటిలెక్కలు నాకంటే ముందే చేసింది. నాలుగో తరగతిదాకా వచ్చిన ఈ పిల్లకు అక్షరాలు శబ్దాలుగా విడిపోతాయన్న సంగతే ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలిసిందల్లా పెద్దవాళ్లు ఆశించే పాట ఏదో కనుక్కుని అది పాడడం.

ఆగస్టులో కమిటీ కూర్చుంది. నేను రెండో కార్యక్రమాన్ని ముందు పెట్టాను. కొందరు బడిపంతుళ్లు కలిసి తయారు చేసుకున్న చిన్న చిన్న నలుపు తెలుపు పుస్తకాలు. చూడ్డానికి ఏమీ బాగుండవు. కానీ మొదటి పుస్తకంలో ఐదే అక్షరాలు: ర, ల, గ, త, మ. ఆ ఐదింటితో అయ్యే మాటలే ఉంటాయి, తల, మర, లత. నేర్పని అక్షరం ఒక్కటి కూడా పేజీలోకి రాదు. చూడ్డానికి దగ్గరగా ఉంటాయి గనుక, మ నేర్పిన పుస్తకానికీ య నేర్పే పుస్తకానికీ మధ్య నెలన్నర దూరం. గుణింతం పాట లేదు. గుడి వస్తే ఏ శబ్దం మారుతుందో, కొమ్ము వస్తే ఏం మారుతుందో నోట్లో పలికించి, ఇసుకలో రాయించి, అప్పుడు కాగితం మీద చదివిస్తారు. మాట పక్కన బొమ్మ ఉండదు, చదివిన తర్వాత పేజీ తిప్పితే ఉంటుంది. వత్తులు అన్నిటికంటే చివర.

చైర్మన్ గారు ఒక పుస్తకం తిప్పి చూసి, ఫోటోలో ఇది బాగా రాదు మేడమ్ అన్నారు. తమాషాకు అనలేదు.

రెండూ చెరొక బడిలో ఆరు వారాలు నడిపి చూద్దామని అడిగాను. చివర్లో పిల్లలు ఎన్నడూ చూడని మాటలతో పరీక్ష పెడదాం, ఏది నిలిస్తే అది తీసుకుందాం అన్నాను. ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "ఉచితంగా ఇస్తాండారు మేడమ్, మనకేం పోతాది?" అన్నారు ఎంతో మర్యాదగా.

పిల్లల ఏడాది పోతుందన్నాను. నాలుగో తరగతి పిల్ల ఆరోకు పోయేసరికి సైన్సు, సోషలు అన్నీ చదివి అర్థం చేసుకోవాల్సినవే. అప్పటికి చదవడం రాకపోతే ఇక ఆ పిల్లకు బడిలో పనేముంది అన్నాను. ఆయన విన్నారు. తల ఊపారు. తర్వాత అప్పటికే టైపు చేసి ఉన్న తీర్మానం నా ముందు జరిపారు. కిట్‌ను సిఫారసు చేస్తూ ముగ్గురు సభ్యులు ఏకగ్రీవంగా నిర్ణయించారని అందులో ఉంది.

ఏకగ్రీవం అన్న మాట కొట్టేసి, కింద నా అసమ్మతి రాసి సంతకం చేశాను. అసమ్మతి నోటు రాసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉంటుంది, వాడుకునేవాళ్లు తక్కువ. ఖాదర్ బాషా నావైపు చూడకుండా తీర్మానం మీద సంతకం పెట్టారు. ఇద్దరి మాటతో కిట్ బడులకు పోయింది. పది రోజులకు నాకు మెమో వచ్చింది. ఆఫీసు కాగితం మీద దిద్దుబాటు చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని. అసమ్మతి గురించి అందులో ఒక్క ముక్క లేదు. సంజాయిషీ రెండు పంక్తుల్లో ఇచ్చాను: నేను ఒప్పుకోని విషయం నేను ఒప్పుకున్నట్టు టైపు చేసి ఉన్నందున కొట్టేశాను.

మరుసటి వారం ఖాదర్ బాషా డైట్‌కు వచ్చారు. టీ తెప్పించాను.

"ఆ దినం నేను సంతకం పెట్టింది గలత్ మేడమ్," అన్నారు. "బదిలీల లిస్టు వస్తాండాది, మా అమ్మకు డయాలసిస్. కర్నూలు దాటి పంపితే నా గతేం? భయపడినా." తర్వాత అన్నారు, "ప్రార్థనకు ముందు గంట నా గది ఖాళీనే. ఆ నల్ల పుస్తకాలు నాకు నేర్పియ్యండి. నేను చెప్తా ఆ పాపకు."

ఆయన మీద నాకున్న కోపం ఆ మాటతో పూర్తిగా పోయిందని చెప్పలేను. కానీ అంత నిజం నాతో మాట్లాడిన మా శాఖ మనిషి ఆ ఏడాది ఇంకొకరు లేరు. ఇద్దరం కలిసి ఉరుకుందమ్మ దగ్గరికి పోయాం. ఆమె ఒకే షరతు పెట్టింది: "ఫోటోలు తీయగూడదు."

సెప్టెంబరులో మొదలైంది. రోజూ ముప్పావు గంట. ఖాదర్ బాషా చెప్పేవారు, వారానికి రెండుసార్లు నేను పోయి కూర్చునేదాన్ని. అంతకుముందు శైలజను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయి పరీక్ష చేయించాం. అక్కడి సైకాలజిస్టు రెండు విడతలుగా చూసి, తెలివి వయసుకు తగ్గట్టే ఉంది, ఇబ్బంది చదవడంలోనే అని రాసిచ్చింది. ఆ కాగితం ఉరుకుందమ్మ చేతికిచ్చి అందులో ఏముందో చదివి చెప్పాను. ఆమె మడిచి రవికలో పెట్టుకుంది.

మొదటి నెల దాదాపు ఏమీ జరగలేదు. ఐదు అక్షరాలు నిలవడానికే పాతిక రోజులు పట్టింది. నిన్న వచ్చింది ఇవాళ పోయేది. ఊహించి చెప్పే అలవాటు అన్నిటికంటే మొండిది. మొదటి అక్షరం చూసి నోటికొచ్చిన మాట అనేసేది, అని మా మొహాలు చూసేది, చప్పట్లు వస్తాయేమోనని. ఆ చూపు మాన్పించడానికే దసరా దాటింది. ఊహించకు, పలుకు అనేవారు ఖాదర్ బాషా ఓపికగా. తప్పు చదివితే తప్పని, ఒప్పు చదివితే ఒప్పని, అంతే. శెభాష్‌లు లేవు. నవంబరులో ఒకరోజు 'గురి' అన్న మాట దగ్గర ఆగి, గ్, ఉ, ర్, ఇ అని లోపలే పలుక్కుని, గురి అంది. మా మొహాలు చూడలేదు. వేలు తర్వాతి మాట మీదికి జరిపింది.

మార్చిలో తల్లిని పిలిచాం. ఎవరూ ముందుగా చూడని ఒక పేజీ నేను ఆ ఉదయమే రాసి తెచ్చాను. శైలజ వేలు పెట్టి చదివింది. మెల్లగా, ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంటూ. వత్తు వచ్చినచోట రెండుసార్లు ఆగిపోయింది. పేజీ అయ్యేసరికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఉరుకుందమ్మ పేజీ వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూసింది.

"ఇది ఇంటికాడ పాడలే," అంది.

లేదమ్మా, ఇది చదివింది అన్నారు ఖాదర్ బాషా.

"సదివింది," అని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంత మెల్లగా నేర్పేదుంటే నాలుగేండ్లు ఏం జేస్తిరప్పా మీరంతా?"

ఏప్రిల్‌లో కిట్ కార్యక్రమం నివేదిక అచ్చయి వచ్చింది. నునుపు కాగితం, రంగుల అట్ట. అట్ట మీద శైలజ ఫోటో. చేతిలో పుస్తకం, తలమీద చైర్మన్ గారి చెయ్యి. కింద, చదువుల వెలుగు అని రాసి ఉంది. లోపల కార్యక్రమం ఘనవిజయం. చివరి పేజీలో ఒక అనుబంధం, దాన్ని ఎవరూ తిప్పరు. కార్యక్రమం అందినా పురోగతి చూపని పిల్లల పేర్లు, ఎదురుగా కారణం గడిలో అందరికీ ఒకే మాట: మందబుద్ధి అని అనుమానం. పందొమ్మిది పేర్లు. ఏడో పేరు శైలజ.

అట్ట మీద వెలుగు, అనుబంధంలో మందబుద్ధి. ఒకే పిల్ల. అచ్చువేసినవాళ్లకు గాని, సంతకం పెట్టినవాళ్లకు గాని అది కనబడలేదు. ఎందుకంటే వాళ్లకు ఆ పిల్ల మొహమూ తెలియదు, పేరూ తెలియదు. నా ఉద్యోగంలో ఆఫీసర్ల ముందు గొంతు పెంచింది ఒక్కసారే. ఆ రోజు చైర్మన్ గారి బల్ల మీద నివేదిక తెరిచి, అట్ట ఒకవైపు, అనుబంధం ఒకవైపు పెట్టి, ఈ ఇద్దరిలో ఎవరు అబద్ధమో చెప్పండి అన్నాను. బయట గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, అనుమానం అని మాత్రమే రాశాం గదా మేడమ్ అన్నారు.

ఆసుపత్రి కాగితం నకలు ఇచ్చి శైలజ పేరు తీయించాను. సవరణ పత్రం ఆ సాయంత్రమే వచ్చింది. మిగతా పద్దెనిమిది మందికి నా దగ్గర కాగితాలు లేవు. కాగితం లేదు గనుక పేర్లు ఉన్నాయి. పేరు పెట్టడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, తీయడానికి కావాలి. పై ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ పరిశీలనలో ఉంది అన్న ఒకే జవాబు వచ్చింది. ఆ వేసవిలో నేను రిటైరయ్యాను. సన్మానసభకు చైర్మన్ గారు వచ్చి, మేడమ్ గారి నిబద్ధత గురించి మాట్లాడి శాలువా కప్పారు. తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పద్దెనిమిది మందిలో ఖాదర్ బాషా, నేను కలిసి వెతికి పట్టుకోగలిగింది పదకొండు మందిని. ఇద్దరికి నిజంగానే వినికిడి లోపం ఉంది, ఏ పంతులూ గమనించలేదు. ఒక పిల్ల ఇంట్లో కన్నడం మాట్లాడుతుంది, అంతే, ఇంకే ఇబ్బందీ లేదు. ఆరుగురు శైలజ లాంటివాళ్లే, ప్రార్థనకు ముందు ఆ గదిలో కూర్చున్నారు. ఇద్దరు మళ్లీ బడికి రాలేదు. మిగతా ఏడుగురి కుటుంబాలు పనులకు వలసపోయాయి, ఎక్కడికి పోయారో ఊళ్లో ఎవరికీ తెలియదు. శైలజ ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఇప్పటికీ మెల్లగానే చదువుతుంది, అక్షరదోషాలు చాలా చేస్తుంది. పరీక్షలో ఆమెకు అదనపు సమయం ఇవ్వాలి. ప్రతి ఏడాదీ జూన్‌లో ఉరుకుందమ్మ ఆ కాగితం పట్టుకుపోయి అడిగి ఇప్పిస్తుంది.

డైట్‌లో నేను ముప్పై ఏళ్లు చెప్పిన పాఠాల్లో పిల్లల్ని ఎట్లా పరీక్షించాలో చాలా ఉంది. మేము ఎంచే పద్ధతిని ఎట్లా పరీక్షించాలో దాదాపు లేదు. ఈ వ్యవహారం నాకు నేర్పింది అదే. చదవలేని పిల్ల గురించి ఎవరైనా ఒక నివేదిక రాయబోతే, ముందు ఆ పిల్లకు ఏం నేర్పారో, ఏ వరసలో నేర్పారో, రోజుకు ఎంతసేపు, ఎన్ని రోజులు నేర్పారో ఒక పేజీ రాయాలి. ఆ పేజీ నింపలేనివాళ్లకు ఆ పిల్ల పేరు ఎదుట ఏ మాటా రాసే అధికారం లేదు.